మ్యూజ్‌స్కోర్‌లో మా నాదస్వరం గంటలా మోగుతోంది, ఏం చేయాలి?

న్యూజెర్సీలో ఉంటున్న ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా పొడుగ్గా ఉంది కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెబుతున్నాను.

ఆవిడ తెలుగు పిల్లలతో ఒక చిన్న వాద్య బృందం నడుపుతున్నారు. ఇద్దరు వయొలిన్, ఒకమ్మాయి ఫ్లూట్, ఒకబ్బాయి బి ఫ్లాట్ క్లారినెట్. అందరూ అక్కడి స్కూళ్లలో నేర్చుకున్నవాళ్లే, స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య సంగీత లిపి) ముందుంటే తప్ప వాయించలేరు. ఐదు వారాల్లో ఒక కార్యక్రమం ఉంది. దానికి ఆవిడ నాన్నగారి స్నేహితులైన నాదస్వర విద్వాంసులు ఇండియా నుంచి వస్తున్నారు. మృదంగానికి స్థానికంగా ఉన్న మాస్టారు ఒప్పుకున్నారు, ఆయన శిష్యుడు కూడా ఒక కీర్తనకు కూర్చుంటాడు.

రెండేళ్ల కిందట ఆవిడ అబ్బాయి, ఆ నొటేషన్ రాసి వినిపించే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్ 3లో నాదస్వరం, మృదంగం అని రెండు కొత్త వాద్యాలు తయారుచేసి ఇచ్చాడు. ఇప్పుడు కొత్త లాప్‌టాప్‌లో మ్యూజ్‌స్కోర్ 4 వేశారు. వాద్యాల జాబితాలో ఆ రెండూ లేవు. పాత స్కోర్లు తెరిస్తే పేర్లు ఉన్నాయి కానీ మృదంగం పియానోలా పలుకుతోంది, కొత్తగా రాసిన దెబ్బలు గీతకు కింద ఎక్కడో వేలాడుతున్నాయి. పాత లాప్‌టాప్‌లో వాద్యాల వివరాలున్న ఫైల్ తెరిచి ఆవిడే షెహనాయి నంబరు వేసి చూస్తే నాదస్వరం గంటలా మోగింది. విద్వాంసులు ఫోన్‌లో తన వాద్యం శ్రుతి రెండు కాదు, రెండున్నర అన్నారట. అది మార్చగానే పేజీ నిండా డబుల్ ఫ్లాట్‌లు (స్వరాన్ని రెండు అర్ధస్వరాలు దించే గుర్తులు) వచ్చాయి. ఇవి చాలవన్నట్టు రిహార్సల్‌లో క్లారినెట్ అబ్బాయి అందరికన్నా ఒక స్వరం కిందుగా వాయించాడు.

అబ్బాయి ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు, అడిగితే "తర్వాత చూస్తానమ్మా" అంటున్నాడు. డబ్బులిచ్చి మంచి సాఫ్ట్‌వేర్ కొనెయ్యమని భర్త సలహా. ఆవిడ ఇచ్చిన కాగితం చూసి మృదంగం మాస్టారు "ఇది కాగితం చూసి వాయించేది కాదమ్మా" అని పక్కన పెట్టేశారు. "నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, కార్యక్రమం మానుకోమంటారా?" అని అడుగుతున్నారు.

మానుకోవద్దనే అంటాను. మీ ఉత్తరంలో నాలుగైదు వేర్వేరు సమస్యలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అందుకే ఒకటి సరిచేయబోతే ఇంకోటి చెడినట్టు కనిపిస్తోంది. కొన్నింటికి ఐదు నిమిషాలు చాలు. ఒకటి సాఫ్ట్‌వేర్ సమస్యే కాదు.

నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక వాద్యం అంటే మూడు సంగతులు కలిపి. కాగితం మీద ఎలా కనిపించాలి, ఏ శ్రుతిలో మోగాలి, ఏ గొంతుతో మోగాలి. మొదటి రెండూ స్కోర్ ఫైల్‌లోనే ఉంటాయి. వాద్యాన్ని స్కోర్‌లో చేర్చిన రోజు ఎలా ఉందో అలాగే ఆ ఫైల్‌లోకి నకలు అయిపోతుంది. అందుకే కొత్త లాప్‌టాప్‌లో కూడా మీ పేర్లు, క్లెఫ్, శ్రుతి నిలిచాయి. మూడోది, అంటే గొంతు, సౌండ్‌ఫాంట్ అనే వేరే ఫైల్‌లో ఉంటుంది. అది స్కోర్‌తో పాటు ప్రయాణం చేయదు. పాత లాప్‌టాప్‌లో మీ అబ్బాయి మృదంగం సౌండ్‌ఫాంట్ ఏదో వేసి ఉంటాడు, కొత్తదాంట్లో అది లేదు.

కాబట్టి ఏదైనా మార్చే ముందు ఒక పరీక్ష చేయండి. స్కోర్‌కి కాపీ తీసుకోండి. ఆ కాపీలో మిక్సర్ తెరిచి నాదస్వరానికి పియానో గొంతు పెట్టండి. స్వరాలు సరిగ్గా వినిపిస్తే మీ రాత బాగానే ఉంది, తేడా గొంతులోనే ఉంది. పియానోతో కూడా తప్పు స్వరం వస్తే అప్పుడు శ్రుతి సంగతి చూడాలి. ఈ పరీక్ష చేయకుండా సెట్టింగులు మారుస్తూ పోవడం వల్లే మీ రాత్రులు పాడయ్యాయి.

ఇప్పుడు గంట సంగతి. వాద్యాల గొంతులకు నంబర్లిచ్చే జనరల్ మిడి జాబితాలో షెహనాయి 112వది. కానీ ఆ జాబితా 1 నుంచి లెక్కపెడుతుంది. మ్యూజ్‌స్కోర్ వాద్యాల ఫైల్‌లో ప్రోగ్రామ్ నంబర్లు 0 నుంచి మొదలవుతాయి. మీరు 112 వేశారు, ఆ లెక్కలో అది 113వ వాద్యం అవుతుంది. 113 అంటే టింకిల్ బెల్, చిన్న గంట. 111 అని వేయండి, షెహనాయి వస్తుంది. దీన్ని తట్టుకుని పడని వాళ్లు తక్కువ, మీరేమీ సిగ్గుపడక్కర్లేదు. అయితే అది హిందుస్తానీ షెహనాయికి దగ్గరగా వినిపించే గొంతు మాత్రమే. మన నాదస్వరం నిండుదనం దాంట్లో వెతక్కండి. పిల్లల సాధనకు రాగం నడక తెలిస్తే చాలు కదా.

జాబితాలో వాద్యాలు కనిపించకపోవడానికి కారణం వేరే. వెర్షన్ 3 ప్రిఫరెన్సెస్‌లో మన సొంత వాద్యాల ఫైల్ ఎక్కడుందో చూపించే చోటు ఉండేది. వెర్షన్ 4 వచ్చినప్పుడు ఆ చోటు తీసేశారు. మీ అబ్బాయి ఫైల్ చెడిపోలేదు, దాన్ని చదివేవాళ్లు లేరంతే. వెర్షన్ 4లో దీనికి సులువైన దారి, దగ్గరి వాద్యం ఒకటి తీసుకుని వేషం మార్చడం. నాదస్వరానికి ఓబో తీసుకోండి, రెండూ జంట రీడు వాద్యాలే. స్టాఫ్ మీద రైట్ క్లిక్ చేసి స్టాఫ్ పార్ట్ ప్రాపర్టీస్ తెరిస్తే పొడుగు పేరు, పొట్టి పేరు, స్థాయి పరిధి, శ్రుతి మార్పు అన్నీ అక్కడే ఉంటాయి. పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. కొన్ని స్వరాలు తెర మీద ఎర్రగా కనిపిస్తే కంగారు పడకండి. ఓబో పరిధి అలాగే ఉండిపోయిందని అర్థం, ఆ ఎరుపు ప్రింట్‌లో రాదు.

రెండున్నర శ్రుతి దగ్గర కాస్త ఆగుదాం, మీ టెన్షన్‌లో సగం ఇక్కడే ఉంది. ఒకటి శ్రుతి సి, రెండు డి, మూడు ఈ; రెండున్నర అంటే డి కీ ఈ కీ మధ్య ఉన్న నల్ల మెట్టు, డి షార్ప్ లేదా ఈ ఫ్లాట్. చెవికి రెండూ ఒకటే, రాతకు ఒకటి కాదు. సాఫ్ట్‌వేర్‌లో శ్రుతి మార్పుకు రెండు అంకెలు ఉంటాయి. ఒకటి స్వరాల పేర్లలో (సి, డి, ఈ...) ఎన్ని అక్షరాలు జరగాలో చెబుతుంది, రెండోది ఎన్ని అర్ధస్వరాలు జరగాలో. రెండు శ్రుతికి అవి 1, 2. మీరు రెండో అంకెను 3 చేసి మొదటిదాన్ని 1గానే వదిలేశారు. దాంతో సి రాస్తే డి షార్ప్ మోగాలని చెప్పినట్టయింది. ఆయన వాద్యానికి తగ్గట్టు స్కోర్ ఈ ఫ్లాట్‌లో ఉండాలి. ఈ ఫ్లాట్‌ని డి షార్ప్ దారిలో రాయమంటే సాఫ్ట్‌వేర్‌కి డబుల్ ఫ్లాట్‌లు తప్ప మార్గం లేదు. వెర్షన్ 4 ప్రాపర్టీస్‌లో మైనర్ థర్డ్, పైకి అని ఎంచుకోండి. అదే జాబితాలో ఆగ్మెంటెడ్ సెకండ్ అని కూడా ఉంటుంది, అర్ధస్వరాలు అందులోనూ మూడే, పొరపాటున దాన్ని నొక్కకండి. పాత ఫైల్‌లోనే సరిచేయాలంటే అంకెలు 2, 3 అని ఉండాలి. ఒక హెచ్చరిక. ఫైల్‌లో మార్పు పాత స్కోర్లకు తగలదు, కొత్తగా చేర్చే వాద్యానికే వర్తిస్తుంది.

కానీ అసలు ప్రశ్న ఇంకొకటి ఉంది. ఈ శ్రుతి మార్పు ఎవరికోసం? విద్వాంసులు స్టాఫ్ చదవరని మీరే రాశారు. ఆయనకు స రి గ మలు రాసిన కాగితం ఇస్తే చాలు, నిజానికి ఆయనకు సాహిత్యం చెప్పినా చాలేమో. నాదస్వరం స్టాఫ్‌ని చూసేది మీరు, పిల్లలు. అలాంటప్పుడు దానికి శ్రుతి మార్పే తీసేసి, మోగే స్వరాన్నే రాసి పెట్టుకోవచ్చు. ఆయన రాకముందు రిహార్సల్‌లో ఫ్లూట్ అమ్మాయి ఆ భాగాన్ని నేరుగా చూసి వాయించేస్తుంది. నష్టం ఏమిటంటే, రేపు స్టాఫ్ చదివే నాదస్వరం కుర్రాడు ఎవరైనా వచ్చి షడ్జమం ఎప్పుడూ సి లోనే ఉండాలంటే మళ్లీ మార్చాలి. శ్రుతి మార్పు ఉంచుకుంటే ఆ సౌకర్యం ఉంటుంది కానీ రిహార్సల్‌లో "నాదస్వరం సి అంటే మనకు ఈ ఫ్లాట్" అని ప్రతిసారీ చెప్పుకోవాలి. మీ పరిస్థితిలో తీసేయడమే నాకు నచ్చుతుంది.

నాదస్వరం శ్రుతిని మనం మార్చలేం కాబట్టి బృందమే ఆయన దగ్గరికి రావాలి. శంకరాభరణంలో కీర్తన అన్నారు కదా. డి నుంచి ఈ ఫ్లాట్‌కి వెళ్తే క్లారినెట్ అబ్బాయికి మేలే, అతని పేజీ నాలుగు షార్పుల నుంచి ఒక్క ఫ్లాట్‌కి దిగుతుంది. వయొలిన్ పిల్లలకు కొంచెం కష్టం. డి లో ఉన్నప్పుడు ఖాళీ తంత్రులు బాగా సాయం చేస్తాయి, ఈ ఫ్లాట్‌లో షడ్జమం కూడా వేలితో పట్టాలి. వాళ్లకు ఈ వారమే కొత్త పేజీలు ఇవ్వండి. మృదంగం మాస్టారికి కూడా ఈరోజే ఫోన్ చేసి రెండున్నర అని చెప్పండి. ఆయన ఏ మృదంగం తేవాలో దాన్ని బట్టే ఉంటుంది.

క్లారినెట్ అబ్బాయి తప్పు వాయించలేదు. మీరు కాన్సర్ట్ పిచ్ బటన్ ఆన్‌లో ఉండగా ప్రింట్ తీసి ఉంటారు. ఆ బటన్ ఆన్‌లో ఉంటే అందరికీ మోగే స్వరమే కనిపిస్తుంది. బి ఫ్లాట్ క్లారినెట్ రాసినదానికన్నా ఒక స్వరం కింద మోగుతుంది కాబట్టి అతను కాగితంలో ఉన్నది ఉన్నట్టు వాయించి కిందకు పోయాడు. స్కోర్ రాసేటప్పుడు ఆ బటన్ ఆన్‌లో పెట్టుకోవడం సుఖమే. ప్రింట్‌కి ముందు మాత్రం ఒక్కొక్క పార్టూ తెరిచి అది ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. ఆ అబ్బాయికి పిలిచి చెప్పండి, తప్పు కాగితంలో ఉందని. పిల్లలు ఇలాంటివి మనసులో పెట్టుకుంటారు.

మృదంగంలో రెండు ముళ్లు ఉన్నాయి. పియానోలా పలకడం ముందు చెప్పిన సౌండ్‌ఫాంట్ లేకపోవడం వల్లే అయ్యుండాలి. ఆ ఫైల్ దొరికితే డాక్యుమెంట్స్‌లో మ్యూజ్‌స్కోర్4 ఫోల్డర్ కింద సౌండ్‌ఫాంట్స్ అనే ఫోల్డర్‌లో పెట్టి, మిక్సర్‌లో మృదంగానికి దాన్ని ఎంచుకోండి. అప్పటికీ సరిగా పలకకపోతే, ఆ సౌండ్‌ఫాంట్ తయారుచేసినవాళ్లు మృదంగాన్ని డ్రమ్ కిట్‌గా పెట్టారా, మామూలు స్వర వాద్యంగా పెట్టారా అన్నది చూడాలి. డ్రమ్ కిట్లకు 128వ బ్యాంక్ అని ప్రత్యేకమైన చోటు ఉంది, తాళవాద్యపు స్టాఫ్ అక్కడే వెతుక్కుంటుంది. తర్వాత ఏ దెబ్బ ఏ మిడి నంబరు మీద ఉందో స్కోర్‌లోనూ, సౌండ్‌ఫాంట్‌లోనూ ఒకటే అయ్యుండాలి. ఉదాహరణకు తోం అనే దెబ్బ ఒకచోట 36, ఇంకోచోట 64 అని ఉంటే ఏమీ వినపడదు, లేదా నం అనే దెబ్బ కొట్టినచోట తోం వస్తుంది.

గీత కింద వేలాడే దెబ్బలకు కారణం చిన్నది. మామూలు డ్రమ్‌సెట్ ఐదు గీతల స్టాఫ్ కోసం చేసినది. అందులో పై గీత 0, అక్కడి నుంచి గీతకూ సందుకూ ఒక్కో అంకె పెరుగుతూ కిందకు వస్తాయి. మీ మృదంగానికి ఒకటే గీత. దెబ్బల స్థానం 3 అనో 7 అనో పాతదే మిగిలిపోతే అవి గీత వదిలి కిందకు పోతాయి. గీత మీద ఉండాల్సినదానికి 0 ఇవ్వండి. కుడివైపు దెబ్బలు గీతకు పైన, ఎడమవైపు తోం కింద ఉండాలంటే -1, 1 ఇచ్చుకోవచ్చు. చాపు అనే దెబ్బకి నోట్ తల గుర్తు మార్చితే శిష్యుడికి చూడగానే తెలుస్తుంది.

మాస్టారి మాట మీకు నొప్పి కలిగించింది, అర్థమవుతోంది. కానీ ఆయన మీ శ్రమను కాదనలేదేమో అని నాకు అనిపిస్తోంది. ఏళ్ల తరబడి చేతిలో, నోట్లో ఉన్న విద్యను చుక్కలుగా మార్చి ఆయన ముందే పెడితే, ఎంత మర్యాదగా ఇచ్చినా, మీకు నేను నేర్పుతున్నాను అన్నట్టు వినపడే ప్రమాదం ఉంది. ఆయనకు కావలసింది కీర్తన నడక, ఎక్కడ ఆగాలి, ఎక్కడ తని (మృదంగం ఒక్కటే వాయించే భాగం), ఎన్ని ఆవర్తాల తర్వాత పిల్లలు అందుకుంటారు అన్నది. అది ఒక పేజీలో మామూలు మాటల్లో రాసి ఇవ్వండి. దెబ్బల నొటేషన్ శిష్యుడికి మాత్రమే ఇవ్వండి, అదీ మాస్టారిని అడిగి. "మీరు చెప్పే జతులు ఇందులో సరిగ్గా పడ్డాయా, ఒకసారి చూస్తారా మాస్టారూ" అంటే ఆయనే దిద్దుతారు. నోట్ల కింద లిరిక్స్‌గా తకధిమి తెలుగులో రాయొచ్చు. మ్యూజ్‌స్కోర్ మామూలుగా వాడే ఎడ్విన్ ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవు. టెక్స్ట్ స్టైల్స్‌లో లిరిక్స్‌కి నోటో సాన్స్ తెలుగు లాంటిది పెట్టి, బయటికి పంపేటప్పుడు పీడీఎఫ్ పంపండి. పీడీఎఫ్‌లో ఫాంట్ కూడా వెళ్తుంది.

ఇక ఏ దారి పట్టాలన్నది. వెర్షన్ 3కి చివరిగా వచ్చిన 3.6.2ని కొత్త లాప్‌టాప్‌లో 4 పక్కనే వేసుకోవచ్చు, రెండూ కొట్టుకోవు. పాత ఫైళ్లు, పాత జాబితా అన్నీ అలాగే పనిచేస్తాయి. కార్యక్రమానికి ఐదు వారాలే ఉంది కాబట్టి ఇది అన్నిటికన్నా నిశ్చింతైన దారి. ప్రమాదం ఒకటే. ఏదైనా స్కోర్‌ని 4లో తెరిచి సేవ్ చేస్తే ఆ తర్వాత 3 దాన్ని తెరవలేదు. అసలు ఫైళ్లను వేరే ఫోల్డర్‌లో దాచి, కాపీలతోనే 4ని ప్రయత్నించండి.

లేదా ఇప్పుడే 4కి మారిపోవచ్చు. నేను పైన చెప్పినట్టు ఓబోకి, ఒక చిన్న తాళవాద్యానికి వేషం మార్చి, ఖాళీ స్కోర్‌గా టెంప్లేట్స్ ఫోల్డర్‌లో సేవ్ చేసుకుంటే ఇకముందు ప్రతి కొత్త స్కోర్ దాన్నుంచే మొదలవుతుంది. సొంత ఫైల్ దిద్దే గొడవ ఉండదు. తీరిగ్గా కూర్చుంటే రెండు మూడు సాయంత్రాల పని. రిహార్సల్ ఒత్తిడిలో ఆ సాయంత్రాలు దొరుకుతాయా అన్నది మీకే తెలియాలి.

మీవారు చెప్పిన దారి కూడా తీసిపారేసేది కాదు. కొనే నొటేషన్ సాఫ్ట్‌వేర్లలో, సిబీలియస్‌లో వాద్యాలను మార్చుకునే వసతి ఉంది, డోరికోలో తాళవాద్య కిట్లు చాలా వివరంగా కట్టుకోవచ్చు. కానీ అక్కడ కూడా మృదంగం దెబ్బలను ఒక్కొక్కటిగా మీరే జతచేయాలి. ఈ ఐదు వారాల్లో కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం అంటే రిహార్సల్‌కి ఇవ్వాల్సిన సమయం దానికి ఇవ్వడం. డబ్బు పెడితే ఇక చింత ఉండదనుకోవడం కూడా సరికాదు. 35 ఏళ్లు నడిచిన ఫినాలే అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్ అభివృద్ధిని ఆపేస్తున్నామని దాన్ని తయారుచేసే కంపెనీ 2024 ఆగస్టులో ప్రకటించింది. ఏది వాడినా ప్రతి స్కోర్‌ని మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్‌గా (వేరే నొటేషన్ సాఫ్ట్‌వేర్లు కూడా చదవగలిగే ఫైల్), పీడీఎఫ్‌గా కూడా దాచుకోండి. మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్‌లో స్వరాలు, శ్రుతి మార్పు వెళ్తాయి, సౌండ్‌ఫాంట్ వెళ్లదు.

ఇంకో దారి కూడా ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కంప్యూటర్‌తో మృదంగం పలికించడం ఈసారికి వదిలేయడం. మాస్టారు ఒప్పుకుంటే ఆయన వాయిస్తుండగా ఫోన్‌లో రికార్డు చేసి పిల్లలకు పంపండి. స్కోర్ కాగితానికి మాత్రమే. ఏ సౌండ్‌ఫాంట్ కన్నా పిల్లలకు అది ఎక్కువ నేర్పుతుంది. చిక్కు ఏమిటంటే ఆయన వేగం రికార్డులో స్థిరపడిపోతుంది, నెమ్మదిగా సాధన చేయాలంటే ఇంకో రికార్డు కావాలి. రెండు వేగాల్లో అడగండి.

మీ అబ్బాయి విషయం. "బాగుచేసి పెట్టు" అంటే అతనికి ఎంత పనో తెలియదు, అందుకే తర్వాత అంటున్నాడు. దానికి బదులు మూడు ఫైళ్లు అడగండి. తను రాసిన వాద్యాల ఫైల్, మృదంగం సౌండ్‌ఫాంట్, అప్పట్లో బాగా పలికిన ఒక స్కోర్. వెతికి పంపడం పది నిమిషాల పని, అందుకు ఏ పిల్లాడూ కాదనడు. పంపాక, ఏం తేడా వచ్చిందో మీరు కనిపెట్టిన సంగతి అతనికి రాయండి. 111, 112 కథ చెబితే తనే ఫోన్ చేస్తాడని నా నమ్మకం.

విద్వాంసులతో కూడా ఒక మాట. ఆయన చెప్పిన రెండున్నరను ప్రింట్‌కి ముందు చెవితో ఖరారు చేసుకోండి. ఫోన్‌లో షడ్జమం ఊదమని అడిగి, ఇక్కడ ట్యూనర్‌తో చూడండి. నాదస్వరం మెట్ల వాద్యంలా కచ్చితంగా గీత మీద ఉండకపోవచ్చు, కాస్త పైకో కిందకో ఉంటే వయొలిన్, ఫ్లూట్ పిల్లలే సర్దుకోవాలి. తేడా ఎంతో ముందే తెలిస్తే మొదటి రిహార్సల్ రోజున ఎవరూ ఎవరినీ తప్పుపట్టే అవసరం రాదు.